పాలసీలో ‘రాదు’ అనే మాట ఎక్కడ ఉంటుంది?

మా చిన్నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తా. హెల్త్ పాలసీ తీసుకున్న ఏడాదికి ఆయనకు హెర్నియా అని తేలింది. పాలసీ పుస్తకం తిరగేస్తే హెర్నియా ఆపరేషన్‌కు 24 నెలలు ఆగాలని ఉంది. ఆయన ఆగాడు. నడుముకు బెల్టు కట్టుకుని, బుట్ట ఎత్తమంటే పక్కవాళ్లకు చెప్పి, టీటీడీ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి మరీ ఆగాడు. (డాక్టరు ఆగొచ్చన్నాడు కాబట్టి సరిపోయింది. పేగు బిగుసుకుంటే క్యాలెండర్ చూసుకునే సమయం ఉండదు.)

తేదీ దాటాక తిరుపతిలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులున్నాడు. బిల్లు 1,65,000. ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్న అమ్మాయి కాగితం చేతిలో పెట్టి, ‘పెద్దాయనా, 84,500 అప్రూవ్ అయింది, మిగతాది మీరు కట్టాలి’ అంది. పాలసీ 3 లక్షలకు. బిల్లు అందులో సగం చిల్లర. ఆగమన్నంత కాలం ఆగాడు. అయినా 80,500 చేతి నుంచి పోయింది.

చిన్నాయన పాలసీ చదవని మనిషి కాదు. ‘ఎక్స్‌క్లూజన్లు’ అని ఉన్న, రానివాటి జాబితా పేజీలను పిల్లల చేత చదివించుకుని విన్నాడు. డబ్బు పోయింది ఆ పేజీల్లో కాదు, మొదటి పేజీలో ఉన్న చిన్న పట్టీలో. ‘రూమ్ రెంట్: రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం’ అని ఒకే ఒక్క వరుస అక్కడ ఉంది. సమ్ ఇన్సూర్డ్ అంటే పాలసీ ఎంత మొత్తానికో అది.

క్లెయిమ్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చే బంధువులను, పక్కింటివాళ్లను చూశాక నాకు అర్థమైంది ఇది: ‘ఇవి రావు’ అని పాలసీ తనే చెప్పే జాబితా వల్ల పోయేది తక్కువ. నిర్వచనాల్లో, షెడ్యూల్లో, తేదీల్లో, వాడకం గురించి రాసిన వాక్యాల్లో పోయేది ఎక్కువ. జాబితాలో ఉన్నవి ఎవరైనా చదివితే తెలుస్తాయి. ఈ రెండో రకం మాత్రం ఆసుపత్రి కౌంటర్ దగ్గరో గ్యారేజీలోనో బయటపడతాయి.

రూము ఒకటి మారితే

ముందు చిన్నాయన లెక్కే చూద్దాం. 3 లక్షల్లో 1 శాతం అంటే రోజుకు 3,000. ఆయన చేరిన రోజు ఆ ధరలో రూము ఖాళీ లేదన్నారు, 6,000 రూము ఇచ్చారు. ‘ఎక్కువైన మూడు వేలు నేను పెట్టుకుంటాలే’ అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాలుగు రోజులకు అదనం 12,000, అంతే కదా.

అంతే కాదు. పరిమితి దాటిన రూములో చేరితే, రూము అద్దె ఏ నిష్పత్తిలో దాటిందో అదే నిష్పత్తిలో సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు, డాక్టర్ల విజిట్లు కూడా కోస్తారు. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. చాలా ఆసుపత్రుల్లో రూము స్థాయిని బట్టి సర్జన్ ఫీజు నుంచి నర్సింగ్ దాకా అన్నీ పెరుగుతాయి కాబట్టి కంపెనీలు పెట్టుకున్న నిబంధన ఇది. చిన్నాయన అర్హత 3,000, తీసుకున్నది 6,000, అంటే సగం. సర్జన్, థియేటర్ వగైరా కలిపి 90,000 అయితే అందులో 45,000 మాత్రమే వచ్చింది. రూము అద్దె 24,000లో 12,000 వచ్చింది. చేతి గ్లోవ్స్, మాస్కులు, అడ్మిషన్ కిట్ లాంటివి కలిపి 5,000. అందులో పైసా రాలేదు. ఇలాంటి 68 వస్తువులను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక జాబితాగా ఇచ్చింది. పాలసీలో ప్రత్యేకంగా కలుపుకుంటే తప్ప వాటికి డబ్బు రాదు. ‘కన్స్యూమబుల్స్ కవర్’ అని కంపెనీలు విడిగా అమ్మేది ఈ జాబితానే.

అక్కడిదాకా కోత నిబంధన ప్రకారమే ఉంది. మందులు 22,000, లోపల పెట్టిన వల (మెష్) 15,000. ఈ రెండిటినీ కూడా సగానికి కోశారు. పరీక్షలు 9,000 మాత్రం పూర్తిగా ఇచ్చారు. ఈ మందుల దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

పాలసీ కొనేటప్పుడు ప్రీమియం ఎంత, ఎన్ని లక్షలకు అని రెండే అడుగుతాం. 3 లక్షల పాలసీలో రూముకు పరిమితి ఉందా అన్నది మూడో ప్రశ్న. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్ముతున్న ‘ఆరోగ్య సంజీవని’లో కూడా రూముకు సమ్ ఇన్సూర్డ్‌లో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 అనే గీత ఉంది. దాంతోపాటు ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనమే భరించాలి. శుక్లాల ఆపరేషన్‌కు కంటికి 40,000 లేదా సమ్ ఇన్సూర్డ్‌లో 25 శాతం, ఏది తక్కువైతే అది. ఇవన్నీ తప్పు అనడం లేదు, ప్రీమియం తక్కువ ఉండేది అందుకే. అయితే ఈ గీతలు ఎక్స్‌క్లూజన్ల పేజీలో కనబడవు.

మన జిల్లాల వాళ్లకు ఇంకో మెలిక ఉంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. గుండె, కిడ్నీ అంటే వేలూరుకో చెన్నైకో బయల్దేరడం మనకు అలవాటు. కొన్ని పాలసీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి ప్రీమియం వేస్తాయి. చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మన వాటాగా వేస్తాయి. మీ పాలసీలో ‘జోన్’ అనే మాట ఉందేమో ఒకసారి వెతకండి.

ఇప్పుడు రానివి, ఎప్పుడూ రానివి

‘రాదు’ అన్న మాటలో నిజానికి రెండు మాటలున్నాయి. ‘ఇంకా రాదు’ అన్నది ఒకటి. ‘ఎప్పటికీ రాదు’ అన్నది ఇంకొకటి.

మొదటిది అంతా తేదీల వ్యవహారం. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప ఏ జబ్బుకూ క్లెయిమ్ రాదు. హెర్నియా, శుక్లాలు, మొలలు, కిడ్నీ రాళ్లు, మోకాలి చిప్ప మార్పిడి లాంటివాటికి సాధారణంగా 24 నెలలు. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలుండేది. ‘ముందే ఉన్న జబ్బు’ అంటే కూడా అర్థం రాసి ఉంది: పాలసీ తీసుకునే ముందు 36 నెలల్లో డాక్టరు గుర్తించినదో, చికిత్స ఇచ్చినదో. పదిహేనేళ్ల కిందట వచ్చిపోయిన కామెర్లు దీని కిందికి రావు. రోజూ వేసుకునే షుగర్ మాత్ర వస్తుంది.

షుగర్, బీపీ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఫారం నింపేది ఏజెంటు. ‘ఏమైనా జబ్బులున్నాయా’ అన్నచోట ‘లేదు’ అని వాళ్లే టిక్కు పెట్టేస్తారు. ఉందని రాస్తే మెడికల్ టెస్టులు, ప్రీమియం పెరగడం, కొన్నిసార్లు పాలసీ రాకపోవడం ఉంటాయి. అమ్మకం చెడుతుంది. రెండేళ్ల తర్వాత గుండెనొప్పితో చేరితే ఆసుపత్రి కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టరు ‘షుగర్ 8 ఏళ్లుగా’ అని రాస్తాడు. మనమే చెప్పి ఉంటాం, చికిత్సకు అవసరం కాబట్టి. ఆ ఒక్క వరుస పట్టుకుని కంపెనీ క్లెయిమ్ కొట్టేయవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. ఇది ఎక్స్‌క్లూజన్ కాదు, నిజం దాచడం కింద పోయినట్టు లెక్క. పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే మోసం అని రుజువు చేస్తే తప్ప ఈ కారణంతో క్లెయిమ్ ఆపడానికి లేదు. ఈ గడువు మునుపు ఎనిమిదేళ్లు.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి: 3 లక్షల పాలసీని 5 లక్షలకు పెంచుకుంటే, పెరిగిన 2 లక్షలకు ఈ గడువులన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్క. పాత 3 లక్షలకు పాత తేదీలే.

ఇక ఎప్పుడూ రానివి. అందానికి చేయించుకునే చికిత్సలు రావు. కొండ మీద గుండు ఉచితం గానీ, కిందికొచ్చి జుట్టు నాటించుకుంటే ఆ ఖర్చు మనదే. కంటి చూపు సరిచేసే లేజర్, పవర్ 7.5 డయాప్టర్ల లోపు ఉంటే రాదు. సంతానలేమి చికిత్స, మద్యం వ్యసనం వల్ల వచ్చిన జబ్బులు, బలం టానిక్కులు, ప్రకృతి చికిత్స కేంద్రాల్లో విశ్రాంతి ఈ జాబితాలోవే. కాన్పు మామూలు పాలసీలో రాదు, విడిగా తీసుకుంటే దానికీ గడువుంటుంది. జాబితాలో అన్నిటికన్నా ఎక్కువమందికి తగిలేది మాత్రం ఒక చిన్న నిబంధన: కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే రాదు. ‘ఒంట్లో నలతగా ఉంది, ఇన్సూరెన్స్ ఉంది కదా, రెండు రోజులు చేరి అన్నీ చేయించేద్దాం’ అనే మాట మన ఇళ్లలో మామూలే. ఆ రెండు రోజుల్లో చికిత్స ఏమీ జరగకపోతే బిల్లు మొత్తం మన మీదే పడుతుంది.

ఎన్టీఆర్ వైద్య సేవకు ఈ లెక్క తిరగబడి ఉంటుంది. ప్రైవేట్ పాలసీ ‘ఇవి తప్ప అన్నీ’ అంటుంది. ప్రభుత్వ పథకం ‘ఇవి మాత్రమే’ అని చికిత్సల జాబితా ఇస్తుంది. అక్కడ అడగాల్సింది మన చికిత్స జాబితాలో ఉందా, ఈ ఆసుపత్రి దానికి గుర్తింపు ఉన్నదా అని.

‘ఫుల్ ఇన్సూరెన్స్’

బండి ఇన్సూరెన్స్‌లో ఈ మాట ఎవరు పుట్టించారో గానీ చాలా నష్టం చేసింది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టం. దానికి మన బండి నష్టం కూడా కలిపితే ప్యాకేజీ పాలసీ. దీన్నే మనం ‘ఫుల్’ అంటున్నాం. అందులో నిండని జాగా చాలా ఉంది.

ముందు ఎవరు థర్డ్ పార్టీ అన్న ప్రశ్న. బండి నడిపే యజమాని థర్డ్ పార్టీ కాదు. అతనికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా ఉండాలి. అదీ లైసెన్సు ఉంటేనే పనిచేస్తుంది. బైకు వెనక కూర్చున్న మనిషీ వట్టి థర్డ్ పార్టీ పాలసీలో రాడని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం వెళ్లి వచ్చేవాళ్లలో ఎంతమంది దగ్గర ఉన్నది వట్టి థర్డ్ పార్టీనో ఆలోచించండి. ప్యాకేజీ పాలసీ అయితే వెనక సీటు మనిషికీ వర్తిస్తుంది. ప్రీమియం తేడా చూసి ‘చలానా పడకుండా ఏదో ఒకటి’ అని కట్టేవాళ్లకు ఈ తేడా ప్రమాదం రోజున తెలుస్తుంది.

ట్రాక్టర్ ట్రాలీ ఇంకా కష్టం. మామిడి కోతల కాలంలో కాయల మీద కూర్చుని వచ్చే జనం, జాతరకు ట్రాలీ నిండా బయల్దేరే ఊరు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. ఆ పరిహారం ట్రాక్టరు యజమాని మీద పడుతుంది. ఒక ప్రమాదంలో నలుగురు పోతే ఆ యజమానికి భూమి మిగలదు.

తిరుపతిలో ఎక్కువగా కనబడే చిక్కు తెల్ల నంబరు ప్లేటు బండ్లది. కాళహస్తి, కాణిపాకం, శ్రీపురం బంగారు గుడి అని యాత్రికులను తిప్పే కార్లలో సొంతానికి రిజిస్టర్ అయినవీ కనబడతాయి. ‘మా బంధువులు సార్’ అని చెక్‌పోస్టు దగ్గర చెప్పే మాట, నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ దగ్గర చెల్లదు. పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అని ఒక వాక్యం ఉంటుంది. సొంత వాడకానికి అని రాసి ఉంటే కిరాయి ప్రయాణంలో జరిగిన నష్టానికి క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఇలాంటి ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు, మొత్తం కొట్టేయడం సరికాదు, ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో కొంత ఇవ్వాలని చెప్పింది. ఆ పద్ధతిలో వచ్చేది 75 శాతం దాకానే. అక్కడిదాకా వెళ్లడానికి ఏళ్లు పడతాయి.

సెకండ్ హ్యాండ్ బండ్లు మనకు బెంగళూరు నుంచి, వేలూరు నుంచి వస్తూనే ఉంటాయి. ఆర్‌సీ మార్చుకోవడానికే ఏడాది బద్ధకిస్తాం, ఇన్సూరెన్స్ సంగతి చెప్పక్కర్లేదు. కొన్న 14 రోజుల్లోపు పాలసీని మన పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ భాగం బండితోపాటు దానంతట అదే వస్తుంది. మన బండి నష్టానికి సంబంధించిన భాగం రాదు. పాలసీ ఒకరి పేరున, బండి ఇంకొకరి పేరున ఉన్నప్పుడు గుద్దితే, పాలసీ ఉన్నవాడికి నష్టం లేదు, నష్టపోయినవాడికి పాలసీ లేదు.

ఇక నీళ్లు. 2021 నవంబర్ 18 వాన తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. వీధులు వాగులయ్యాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. పార్కింగులో ఉన్న కార్లు మునిగాయి. వరద ప్యాకేజీ పాలసీలో ఉన్నదే. సీట్లు తడిసినా, వైరింగ్ పోయినా క్లెయిమ్ వస్తుంది. కానీ నీళ్లు తీశాక ‘స్టార్ట్ అవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పితే, లోపల చేరిన నీళ్లు పిస్టన్లను పట్టేసి ఇంజన్ పోతుంది. అది వరద నష్టం కాదు, తర్వాత మనం చేసిన పనివల్ల వచ్చిన నష్టం అంటుంది కంపెనీ. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటే తప్ప రాదు. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు ‘ముందు బండి దాటింది కదా’ అని దింపేవాళ్లు కూడా ఇదే గుర్తు పెట్టుకోవాలి. మునిగిన బండిని తాళం తిప్పకుండా, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తోయించుకుని వెళ్లడమే మంచిది.

తరుగుదల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గ్యారేజీల పుణ్యమా అని ‘బంపర్ టు బంపర్’ (తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్) అందరికీ తెలుసు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగం ధరే వస్తుంది. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత, అయిదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం. అద్దానికి కోత లేదు. బంపర్ టు బంపర్ ఉన్నా అరిగిన టైరు, చెడిపోయిన గేర్‌బాక్స్ రావు. అరుగుదల ప్రమాదం కాదు. తాగి నడిపినా, లైసెన్సు లేకుండా నడిపినా బండి నష్టానికి దారి మూసుకున్నట్టే. లైసెన్సు లేని కేసుల్లో ఎదుటివాళ్లకు కంపెనీ చేత డబ్బు ఇప్పించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్తుంటాయి.

ప్రమాదం అంటే ఏమిటి

బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పట్టుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా మన పల్లెల్లో చాలామందికి ఉంది. ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 రూపాయలది జీవన జ్యోతి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. మొదటి 30 రోజులు మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకుని 20 రూపాయలది మాత్రం కట్టి ఊరుకున్న కుటుంబాలున్నాయి. ఇంటాయన గుండెపోటుతో పోయాక బ్యాంకుకు వెళ్తే అప్పుడు తెలుస్తుంది, అది ప్రమాదం కాదని.

‘ప్రమాదం’ అనే మాట మనం వాడేది ఒకటి, పాలసీలో ఉండేది ఇంకొకటి. బయటి నుంచి, హఠాత్తుగా, కంటికి కనిపించేలా జరగాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతూ కాలు జారి పడితే ప్రమాదం. అదే మెట్ల మీద ఆయాసం వచ్చి గుండె ఆగితే జబ్బు. దోమ కుట్టి మలేరియాతో చనిపోతే? ‘దోమ కుట్టడం హఠాత్తుగా జరిగేదే కదా’ అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దోమలున్న చోట మలేరియా రావడం ఊహించని సంగతేమీ కాదు, అది ప్రమాదం కిందికి రాదని 2019లో కోర్టు చెప్పింది.

పాముకాటు మాత్రం ప్రమాదమే. చెట్టు మీది నుంచి పడటం కూడా. సురక్షా బీమా నిబంధనల్లో ఈ రెండిటి గురించీ ప్రత్యేకంగా రాసి ఉంది: వెంటనే ఆసుపత్రిలో చూపించినట్టు రికార్డు ఉండాలి. తోటలో పాము కరిచినవాణ్ణి ముందు మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి, ప్రాణం పోయాక నేరుగా శ్మశానానికి తీసుకెళ్తే ఆ ఇంటికి రెండు విధాలా నష్టం. మనిషి ఆసుపత్రిలో బతికేవాడేమో, అది మొదటిది. పాముకాటు అని చెప్పడానికి ఒక్క కాగితమూ లేకపోవడం రెండోది. రోడ్డు ప్రమాదం, నీళ్లలో మునగడం లాంటివాటికి పోలీసు కాగితం కావాలి.

జీవిత బీమాకు అదనంగా కలుపుకునే, ఏజెంట్లు ‘డబుల్ యాక్సిడెంట్’ అనే రైడర్‌కూ ఈ అర్థమే. ప్రమాదం జరిగిన 180 రోజుల్లోపు మరణం సంభవించాలి అనే గడువు కూడా దానికి ఉంటుంది. మామూలు జీవిత బీమా విషయంలో ‘రాదు’ అనేది చాలా తక్కువ. మొదటి 12 నెలల్లో ఆత్మహత్య అయితే పూర్తి మొత్తం రాదు, కట్టిన ప్రీమియంలో కొంత భాగం తిరిగి ఇస్తారు. నిజాలు దాచారన్న కారణంతో పాలసీని ప్రశ్నించే హక్కు కంపెనీకి మూడేళ్ల వరకే. బీమా చట్టం 45వ సెక్షన్‌కు 2015లో చేసిన సవరణ ఇది. మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ కుదరదు.

ఇల్లు, అంగడి, ఆవు

ఇల్లు ఇన్సూర్ చేయించేవాళ్లు మన దగ్గర తక్కువ, కాబట్టి క్లుప్తంగా. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’లో అగ్ని, వరద, తుఫాను, భూకంపం ఉన్నాయి. ఊరెళ్లినప్పుడు దొంగలు పడితే రాదు. ఆ పాలసీలో దొంగతనం అంటే అగ్ని, వరద లాంటిది జరిగిన ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనం మాత్రమే. మామూలు దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరే ఉంది. అందులోనూ తాళమో తలుపో కిటికీయో పగలగొట్టిన గుర్తు ఉండాలి. తెరిచి ఉన్న అంగట్లోంచి సరుకు మాయమైతే అది బర్గ్లరీ కాదని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ‘మా బంగారం బ్యాంకు లాకర్లో ఉంది, దానికి ఇన్సూరెన్స్ ఉంటుంది’ అనేవాళ్లకు ఒక మాట: లాకర్లో ఏముందో బ్యాంకుకు తెలియదు, దాన్ని ఇన్సూర్ చేయదు. మంటలు, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు. అద్దె 2,000 అయితే 2 లక్షలు. వరదకు, భూకంపానికి అదీ ఉండదు.

ఆవుకు చెవి పోగే ఆధారం. పోగు ఊడిపోయిన ఆవు చనిపోతే ఇన్సూర్ చేసిన ఆవు ఇదేనని చెప్పే దారి లేదు. పోగు ఊడిన రోజే కంపెనీకి చెప్పి కొత్తది వేయించుకోవాలి. పంట బీమా దిగుబడికో వాతావరణానికో కడతారు, ధరకు కాదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకున్నది ప్రభుత్వం కిలోకు ఇచ్చిన 4 రూపాయలు, ఏ పాలసీ కాదు.

కాగితం అడగడం

ప్రతి హెల్త్ పాలసీతో కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొద్ది పేజీల కాగితం ఇవ్వాలి. 2024 జనవరి నుంచి దాని నమూనా మారింది. రూము పరిమితి, వెయిటింగ్ గడువులు, రానివి, మన వాటా అన్నీ అందులో ఒకచోట ఉంటాయి. అడిగితే తెలుగులో ఇవ్వాలి. అడిగేవాళ్లే లేరు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు కాబట్టి, ఆ నెలలోనే ఆ కాగితం, మనం సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం కాపీ రెండూ తెప్పించుకుని చూడాలి. ఫారంలో ‘షుగర్: లేదు’ అని ఉంటే అప్పుడే దిద్దించాలి.

క్లెయిమ్ కోసినా, కొట్టేసినా ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. మన రాష్ట్రం ఆ ఆఫీసు కిందే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదం తీసుకుంటారు.

చిన్నాయన విషయంలో అంతదూరం పోలేదు. రూము పరిమితి దాటినప్పుడు కోయాల్సింది డాక్టర్ల ఫీజులు, థియేటర్ లాంటి ఖర్చులనే, మందులు, మెష్ లాంటి ఇంప్లాంట్లు, పరీక్షలు ఆ కోతలోకి రాకూడదు. 2020లో ఐఆర్‌డీఏఐ చెప్పిన మాట ఇది. ఆయన పాలసీ పుస్తకంలోనే ‘అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్’ అన్న నిర్వచనం కింద ఇది అచ్చయి ఉంది. ఆ పేజీ ఫొటో తీసి, ‘మందులు 22,000, మెష్ 15,000 సగానికి ఎందుకు కోశారు’ అని నాలుగు వాక్యాల మెయిల్ పెట్టాం. మూడు వారాలకు 18,500 ఆయన ఖాతాలో పడింది. మిగిలిన 62,000 రాలేదు. రావు కూడా.

‘62 వేలకు మళ్లీ రాద్దామా?’ అన్నాడు చిన్నాయన.

‘అది సరిగ్గానే కోశారు చిన్నాయనా. 3,000 రూము ఖాళీ అయ్యేదాకా ఆగి చేరి ఉంటే 5 వేలు మాత్రమే పోయేది.’

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మోకాళ్ల నొప్పులకు ఈసారి రెన్యూవల్‌లో 5 లక్షలకు పెంచితే ఆ పెంచిన రెండు లక్షలకు మళ్లీ ఎన్ని నెలలని అడిగాడు. చెప్పాను. గోడ మీద క్యాలెండర్ వంక చూసి, ‘అది ఈ క్యాలెండర్లో ఉండదు కదరా’ అన్నాడు.